బడికి పోయేటోడు వంతుల లేడు

మొన్న మా మనుమడు చౌటుప్పల్ల ఇల్లు చూసొచ్చిండు. పట్నంల నౌకరి, పొద్దున పోయి మాపటికి రావచ్చు, చుట్టూ మంచి బడులున్నయి, పిల్లల గురించి ఫికర్ లేదు అని నన్ను కూసోబెట్టి చెప్పిండు. జాగాలమ్మేటోడు ఇచ్చిన రంగుల కాగితం సుత చూపెట్టిండు. దాంట్ల బడి బొమ్మ ఉన్నది. బడి ముంగట ఇస్త్రీ బట్టలేసుకున్న పిల్లలు నవ్వుకుంట నిలబడ్డరు. "తాతా, ఊరు ఎంచుకునేటప్పుడు మొదలు చూడాల్సింది బడి" అని నాకే పాఠం చెప్పిండు.

నాకు కోపమొచ్చింది. వాని మీద కాదు. బడిని చూసి ఊరు ఎంచుకునుడు తమ కాలంలనే పుట్టిందనుకునే వాళ్లందరి మీద వచ్చింది. మా బాపు ఎంచుకున్నడు. నిజాం రాజ్యంల, రెండో జంగు నడుస్తున్న రోజులల్ల, పరాయోని పెట్టె నెత్తి మీద పెట్టుకోని ఎంచుకున్నడు. పొద్దున పోయి మాపటికి వచ్చుడు సుత మా ఇంట్ల అప్పుడే మొదలైంది. మా బాపు పోయింది నౌకరికి కాదు, వెట్టికి.

వెట్టి అంటే కూలి లేని పని అని పుస్తకాలల్ల ఒక్క ముక్కల తేల్చేస్తరు. రాసేటోని నెత్తి మీద బరువు లేదు కాబట్టి ఒక్క ముక్కల తేలుతది. మాది కేతేపల్లి దిక్కు, సడక్ నుంచి లోపలికి ఉండే ఊరు. మా మాదిగ వాడల వెట్టి వంతుల వారిగ వచ్చేది. ఇయ్యాల ఈ ఇల్లు, రేపు పక్కిల్లు. దొర గడిల పని ఒకటి. సర్కారు మనిషి ఎవడు ఊర్లకొచ్చినా వాని పెట్టె, పరుపు చుట్ట, హుక్కా, ఆఖరికి వానికిచ్చిన కోళ్ల గంప దాక మోసుకపోయి పొలిమేర రాయి కాడ దించుడు ఇంకొకటి. ఆ రాయి కాడ పక్క ఊరి వంతు మనిషి నిలబడి ఉంటడు. పెట్టె ఈ నెత్తి మీది నుంచి ఆ నెత్తి మీదికి మారుతది. వాడు రాకపోతే నువ్వే నడవాలె, ఎక్కడ మనిషి దొరికితే అక్కడి దాక.

సడక్ పొడుగుత ఉన్న ఊర్లు మా బాపుకు అట్లనే ఎరుక. ఏ ఊర్ల నీళ్లు పోస్తరు, ఏ పటేల్ చెయ్యి నోటికంటె ముందు లేస్తది, అన్నీ చెప్పేటోడు. బళ్లు సుత అట్లనే ఎరుక. బళ్ల తనిఖీకొచ్చే సాబు పెట్టెను దించేది బడి అరుగు మీదనే గద. నెత్తి మీద బరువున్నోడు మెడ తిప్పరాదు. దించినంక తిప్పుతడు. అట్ల దించిన ప్రతిసారి బాపు లోపటికి చూసేటోడట. కొన్ని బళ్లల్ల మా పిల్లలే లేరు. కొన్నిట్ల ఉన్నరు గని బయట, చూరు కింద, ఎండకు.

ఒక దినం సడక్ మీది ఒక ఊరి దాక మోసి, పొద్దు గూకే యాళ్లకు ఇంటికొచ్చిండు. నెత్తి మీది సుట్టబట్ట తియ్యకముందే అమ్మకు చెప్పిండు.

"లోపట కూసున్నడే."

"ఎవరు?"

"గా చెప్పులు కుట్టే మన దూరపు చుట్టం లేడా, వాని కొడుకు. బడి లోపట, కప్పు కింద, అందరితోని ఒక్క చాప మీద."

"వాన పడితే అందరు లోపట్నే కూసుంటరు" అన్నది అమ్మ.

"వానేడిదే. మాడ పగిలే ఎండ."

అమ్మ లోపటికి పోయింది. జొన్నరొట్టె తెచ్చి ముంగట పెట్టింది. మా తమ్ముడు అప్పటికి పాల పండ్లు ఊడుతున్న పోరడు. నాకు మూతి మీద నూగు వచ్చింది, బడి ఈడు దాటింది, బాపు పక్కన నేను సుత పెట్టెలు మోస్తున్న. బాపు రొట్టె తినుకుంట తమ్మున్ని చూసిండు. సడక్ మీది ఆ ఊర్ల బడి వాని కోసమే ఉన్నదని ఆ రొట్టె అయిపోయేలోపల అనుకున్నడట.

గడి గుమస్తాను అడుగక తప్పదు. బాపు పోయి చేతులు కట్టుకోని నిలబడ్డడు. "పండుకునే జాగ మారుస్తున్న దొరా, పని మారది. తెల్లారకముందే వస్త, పొద్దు గూకినంక పోత" అన్నడు. గుమస్తా పక్కోళ్ల దిక్కు చూసి నవ్విండు.

"ఏందిరా, రోజూ పట్నం నౌకరోని లెక్క వచ్చి పోతవా? గొడుగు తెచ్చుకుంటవా, టోపీ పెట్టుకుంటవా?"

బాపు సుత నవ్విండు. నవ్వకపోతే ఏమైతదో ఎరుక. ఒక్క దినం ఆలస్యమైతే కాళ్లు విరగ్గొడత అన్నడు గుమస్తా, అది సుత నవ్వుకుంటనే. అవ్వను ముసలిదని ఊర్లనే పెద్దనాయిన ఇంట్ల విడిచి మేం నలుగురం సడక్ మీది ఊరికి పోయినం. ఊరు నుంచి ఊరికి రెండు కోసులు, అంటే నాలుగు మైళ్లు.

ఆ వాడోళ్లు మమ్మల్ని ఎదురొచ్చి తీస్కపోయిండ్రు. జాగ చూపెట్టిండ్రు, గుడిసెకు వాసాలిచ్చిండ్రు, గడ్డి కప్పిండ్రు. వాడ పెద్దను బాపు బావా అని పిలిచిండు, నేను మామా అన్న. ఆయన కల్లు కుండ పట్టుకొచ్చి "ఇంకో ఇల్లు పెరిగిందిరో" అని అందరికి పోసిండు. "ఎంత మంచోళ్లు" అని అమ్మ కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది. వాళ్లు ఎందుకంత సంబురపడ్డరో వారం తిరిగేసరికి ఎరుకైంది. కొత్త ఇల్లొచ్చిందంటే ప్రతి ఇంటి వంతు ఒక దినం దూరమైతది. మమ్మల్ని వంతుల కలుపుకున్నరు.

అటు దిక్కు పెద్దనాయిన బాపును రోజూ తిట్టేటోడు. "నువ్వు లేచిపోతివి, నీ వంతు మా మీద పడ్డది. నువ్వు నీ కొడుకును చదివించుకో, మేం నీ పెట్టెలు మోస్తం" అని. అందుకే బాపు రెండు ఊర్ల వంతు మొయ్యవట్టె. ఆయన చేసిన తప్పు ఏందంటే, పొలిమేర దాటితే ఇటోళ్లకు కాకుండ అటోళ్లకు కాకుండ నడుమల ఉంటననుకున్నడు. పెట్టె రాయి కాడ మారుతది కాబట్టి మనిషి సుత రాయి కాడ మారుతడనుకున్నడు. జీవితమంత ఆ రాయి కాడ బరువు దించినోడే అట్ల అనుకుంటడు. ఇంకోటి సుత తోచలే. మంచి బడి ఉన్న ఊర్ల బంగ్లా ఉంటది, బంగ్లా ఉన్న కాడ సర్కారోళ్లు దిగుతరు. లోపలి ఊర్ల నెలకొక సాబొస్తే ఇక్కడ వారానికొకడు.

అయితే బడి మాత్రం బాపు చూసినట్టే ఉన్నది. చదువు చెప్పే మౌల్వీ సాబు పట్నం నుంచొచ్చిన మనిషి. ఎవడు ఏ ఇంటోడో అడుగడు. పటేల్ కొడుకును, కోమటి కొడుకును, మా తమ్మున్ని ఒక్క బెత్తంతోని, ఒక్క తీరుగ కొట్టేటోడు. తమ్ముడు అరచేతులు ఊదుకుంట వచ్చి "ఇయ్యాల పటేల్ కొడుక్కు నాకంటె ఒకటి ఎక్కువ పడ్డది" అని చెప్తే బాపు తొడ చరిచి నవ్వేటోడు. వాడు దుమ్ముల వేలు పెట్టి ఉర్దూ అలిఫ్ బే రాస్తే నేను పక్కన కూసోని రాసిన. నా చదువు అంతే, ఆ దుమ్ముది. తెలుగు తర్వాత నేనే పట్టుకున్న.

ఇగ తనిఖీ వచ్చింది. తమ్ముడు మంచిగ చదువుతడని మౌల్వీ సాబు వాన్ని ముంగటి వరుసల నిలబెట్టిండు. అమ్మ వాని అంగీ ఉతికి, చెంబుల నిప్పులు పోసి రుద్దింది. ఆ దినం ఈ ఊర్ల వంతు మాదే. బాపు పాత ఊరి గడిల జొన్న కళ్లం కాడ ఉన్నడు. నేను పొలిమేర కాడికి పోయి సాబు పెట్టె ఎత్తుకున్న. ఆయన గూడు కట్టిన కచ్చడం బండిల కూసున్నడు. బండి వెనుక నేను ఉరకాలె.

పెట్టెతోని పాటు పెద్ద పరుపు చుట్ట సుత ఉండె. దాన్ని పక్క ఊరి వంతు మనిషి బడి దాక తెచ్చి దించి ఎల్లిపోయిండు. బడి నుంచి బంగ్లాకు మొయ్యాలె. సాబు చప్రాసి, నడుముకు ఇత్తడి బిళ్ల పట్టా ఉన్నోడు, "దూస్రా ఆద్మీ కిధర్ హై", ఇంకో మనిషి ఏడి అని లేచిండు. మామ అక్కడే నిలబడి ఉన్నడు, వంతు చూసుకునేది ఆయనే గద. తనన్న పోవాలె, తన కొడుకునన్న పంపాలె, లేకుంటే ఇంకొకన్ని చూపియ్యాలె. చూపెట్టిండు.

"వంతు వీళ్ల ఇంటిది సాబ్. ఆ ఇంట్ల ఇంకో మొగోడున్నడు. గాడ, లోపట, ముంగటి వరుసల."

బంగ్లాకు మొయ్యనీకె మళ్ల ఎత్తుకున్న పెట్టె నా నెత్తి మీద ఉన్నది. మెడ తిప్పలేను. చప్రాసి లోపటికి పోయిన చెప్పుల చప్పుడు విన్న. తమ్ముని కేక విన్న. అప్పుడు మెల్లగ ఒళ్లంత తిప్పి చూసిన. వాడు మౌల్వీ సాబు మేజాబల్ల కాలు కావలించుకోని పట్టుకున్నడు. చప్రాసి వాని చెవి పట్టి గుంజుతుండు. రాకపోతే చెప్పు కాలుతోని వాని చేతి వేళ్ల మీద తొక్కిండు. మౌల్వీ సాబు "ఛోడో, తాలిబిల్మ్ హై, బడి పిల్లగాడు" అంటుండు. సాబు కుర్సీల కూసోని అటు చూస్తలేడు.

నేను పెట్టె దించలే. ఇడిసిన. మనిషెత్తు మీది నుంచి బండల మీద పడి మూత పగిలి, అత్తరు సీసాలు, పాన్ డబ్బా, తెల్లటి బట్టలు అన్ని బయటికొచ్చినయి. ఆ అత్తరు వాసన నాకు ఇప్పటికి పడది, పెండ్లిల్లల్ల ఎవడన్న పూసుకోనొస్తే లేచిపోత. లోపటికి ఉరికి చప్రాసి పట్టా పట్టి వెనుకకు గుంజి అరుగు మీది నుంచి కిందికేసిన. వాని మూతి రాయికి తాకింది. లేవబోతుంటే మీద కూసోని కొట్టిన. పండ్లు రాలినయి. నా పిడికిలి మీద ఆ పండ్ల గాటు ఉన్నది చూడుండ్రి, పెన్ను పట్టినప్పుడల్ల కనపడ్తది.

పోలీస్ పటేల్ మనుషులు వచ్చి నన్ను బంగ్లా ముంగట గుర్రాలు కట్టే గుంజకు కట్టిండ్రు. పటేల్ చప్రాసి పట్టా తీసి మామ చేతికిచ్చిండు.

"మీ వాడు. మేం ముట్టుకోం. నువ్వే కొట్టు."

మామ కొట్టిండు. మెల్లగ కొడితే ఆ పట్టా తన వీపు మీదికి వస్తదని గట్టిగ కొట్టిండు. ఇత్తడి బిళ్ల ఉన్న దిక్కుతోని కొట్టుమన్నరు, కొట్టిండు. చర్మం లేచిపోయింది. బడి కిటికీ ఆ గుంజకు ఎదురుంగనే ఉన్నది. మౌల్వీ సాబు ఏం చెప్పిండో ఏమో, లోపట తమ్మున్ని సాబు ముంగట నిలబెట్టి చదివిస్తుండు. నా మీద దెబ్బ పడుతుంటే వాని గొంతు వినొస్తుంది. ఒక అక్షరం కాడ తప్పుతుండు, మళ్ల అందుకుంటుండు. ఆపలే. ఒక పుట అయిపోయింది. ఇంకో పుట చదువుమన్నరు, అది సుత చదివిండు.

ఈ ముచ్చట పెట్టెల లెక్కనే రాయి నుంచి రాయికి మారుకుంట తెల్లారేసరికి మా ఊరి గడికి చేరింది. బాపు ఎప్పటి లెక్క చీకటితోనే కళ్లం కాడికి పోయిండు. "నీ కొడుకు సర్కారు మనిషిని కొట్టిండట గద" అని గుమస్తా ఈసారి నవ్వకుండ అడిగిండు. బాపును గడి ముంగట వంగబెట్టి వీపు మీద బండ పెట్టిండ్రు. ఎండ ఎక్కినంక ఆయన పడిపోయిండు. పడిపోతె బండ జారింది. జారినందుకు రోకలితోని మోకాలు మీద కొట్టిండ్రు. ఎముక చప్పుడు వాడ దాక వినొచ్చిందని అవ్వ చెప్పింది. ముసలిది, అబద్ధం చెప్పే మనిషి కాదు.

పెద్దనాయిన ఇంకో ముగ్గురు బాపును మంచం మీద ఏసుకోని సడక్ దిక్కు తెచ్చిండ్రు. పొలిమేర రాయి కాడికి రాంగనే మంచం దించిండ్రు. ఒకడొచ్చి మాకు చెప్పిపోయిండు. నేను వీపుకు ఆముదం ఆకులు కట్టుకోని ఉరికిన. బాపు రాయి పక్కన, ఎండల, మంచం మీద ఉన్నడు. మోకాలు కుండంత అయ్యింది. వాళ్లు నలుగురు తమ పొలిమేర లోపల, చెట్టు నీడకు కూసున్నరు.

"ఇంత దూరం తెచ్చినోళ్లు ఇంట్ల దాక తేరాదా పెద్దనాయినా" అన్న.

"మా హద్దు ఇక్కడికే గద బిడ్డా" అన్నడు. ఎకసెక్కానికి కాదు. నిజంగనే అన్నడు. అన్నంక తనకే వినపడినట్టుంది, మొకం తిప్పుకున్నడు.

నేనొక్కన్ని ఎత్తలేను. ఇటు నుంచి మామ ముగ్గురిని తీస్కోని వచ్చిండు. వంతు చూసి తెచ్చిండు, ఎవరి దినమో వాళ్లనే. మా బాపు సుత వంతు లెక్కల మారిండు, ఈ భుజాల మీది నుంచి ఆ భుజాల మీదికి.

గుడిసె ముంగట మంచం దించిండ్రు. దించినంక మామ ఇట్లిటు తిరిగిండో లేదో, నేను వాకిట్ల పడి ఉన్న కట్టె తీస్కోని ఆయన నెత్తి పగలగొట్టిన. ఆయన నెత్తురు తుడుసుకోని, తోలు గీకే కత్తి తీసిండు. నా భుజం చీరిండు. నేను ఆయన గొంతు పట్టిన. వాడ వాడంత వచ్చి పడ్డది. ఆడోళ్లు నన్ను జుట్టు పట్టి గుంజిండ్రు, ఆయనను కాళ్లు పట్టి గుంజిండ్రు. అంత లొల్లిల బాపు మంచం మీది నుంచి అన్న మాట ఎవరికీ వినపడలే. రెండోసారి అన్నడు.

"బావా. నాకు ఒక్క మాట చెప్పు. ఇప్పుడు నా ఇల్లు ఎంత మంది మొగోళ్ల ఇల్లు?"

మామ రొప్పుకుంట లెక్క చూసుకున్నడు. నెత్తురు కండ్లల్లకు కారుతుంటే సుత ఆయనకు ఆ లెక్క తప్పది. "నీ కాలు పోయె. ఇద్దరు. పెద్దోడు, చిన్నోడు."

"చిన్నోన్ని పట్టకు. పెద్దోడు నా వంతు మోస్తడు, వాని వంతు మోస్తడు. బడికి పోయేటోడు మనిషి లెక్కల లేడు అను."

"చేతులున్నోడు మనిషే. ఇయ్యాల నీ కొడుకును ఇడిస్తె రేపు అందరు అడుగుతరు."

"అడుగనీ" అన్నది ఆయన పెండ్లాం, మా అత్త. మామ కాళ్లు పట్టి గుంజిన ఆడోళ్లల్ల ఆమె ముందటిది, ఇంకా ఒక కాలు పట్టుకోనే ఉన్నది. "నేను సుత అడుగుత. నా కొడుకు సుత రేపు బడికి పోతడు. వాన్ని సుత పట్టకు."

"వానికి ఆవుకు ఎద్దుకు తేడా తెల్వది, వానికేం బడి?"

"బడిల కూసుంటడు. కూసునుడు వస్తది గద. పెట్టె మొయ్యుడు కంటె అల్కనే."

ఎవరో నవ్విండ్రు. నవ్వు మెల్లగ వాడంత పాకింది. మా అమ్మ మాత్రం నవ్వలే, బాపు మోకాలుకు పసుపు పెడుతున్నది. మామ కూలబడ్డడు. ఒక్కొక్కరు అడిగిండ్రు, తన కొడుకును, తన తమ్మున్ని, అక్క కొడుకును. మోసేటోళ్లు తగ్గితే పెద్దోళ్ల వంతు దగ్గర పడ్తదని మామ వేళ్ల మీద చెప్పిండు. పడనీ అన్నరు. నా నెత్తురు, ఆయన నెత్తురు వాకిట్ల ఎండకముందే ఆ మాట ఖాయమైంది. బడికి పోయేటోడు వంతుల లేడు. సర్కారు చెప్పలే, దొర చెప్పలే, ఏ పుస్తకంల లేదు. మా వాడ చెప్పుకున్నది.

తెల్లారి మౌల్వీ సాబు తలుపు తీసేసరికి మా పోరగాండ్లు అరుగు మీద నిండి ఉన్నరు. సగం మందికి చదువు మీద ఇష్టం లేదు, పెట్టె అంటే భయం ఉన్నది. కొందరికి అంగీలు లేవు. ఆయన తలుపు రెక్కలు రెండు తెరిచిండట. లోపటికి రమ్మన్నడు, పొద్దుగూకేలోపల అందరిని ఒక్క తీరుగ కొట్టిండు.

బాపు కాలు అతకలే. పొద్దున పోయి మాపటికి వచ్చుడు నా మీద పడ్డది. గడి ఖాళీ అయి దొర పట్నం పారిపోయేదాక రెండు కోసులు పోయిన, రెండు కోసులు వచ్చిన. వేరే ఊరు చూద్దామా అని అమ్మ ఒకసారి అన్నది. బాపు మంచం మీది నుంచి బడి దిక్కు చెయ్యి చూపెట్టిండు.

మళ్ల తనిఖీ వచ్చింది. అదే సాబు, కొత్త చప్రాసి. ఈసారి పెట్టె పెద్దది, కర్రకు కట్టి ఇద్దరు మొయ్యాలె. వంతు తిరిగి తిరిగి మా ఇంటికి, పక్కన మామ ఇంటికి వచ్చింది. కర్ర ముంగటి కొస ఆయన భుజం మీద, వెనుకటి కొస నా భుజం మీద. నేను పగలగొట్టిన నెత్తి నా కండ్ల ముంగట్నే ఊగుతుంది, మచ్చ తెల్లగ ఉన్నది. మేం అప్పటికి మాట్లాడుకుంటలేం.

బడి ముంగటికి రాంగనే చప్రాసి పరుపు చుట్ట చూసి పాతోని లెక్కనే లోపటికి తొంగి చూసిండు. లోపట మా వాడ పోరగాండ్లు చాపలు నిండి, తలుపు దాక కూసోని ఉన్నరు. ఒక్కడు తల ఎత్తలే. మామ చప్రాసి దిక్కు చూసి "ఇంట్ల మొగోళ్లు ఎవ్వరు లేరు సాబ్, అందరు బడికి పోయిండ్రు" అన్నడు. చుట్ట తీసి తన నెత్తి మీదనే పెట్టుకున్నడు.

నాలుగడుగులు పోయినంక నాకు వినపడేటట్టు అన్నడు, "అల్లుడా, జర పెట్టె నీ దిక్కు గుంజుకో. నువ్వు కొట్టిన కాడ పడుతాంది చుట్ట బరువు."

గుంజుకున్న.